నాలుగో పట్టీ

“ఆ గోడ అలా ఉన్నంతసేపూ పచ్చి మంచినీళ్ళు ముట్టను. నా మీద ఒట్టు కాదు, మీ అందరి మీదా ఒట్టు!”

వీధి గుమ్మం ఎక్కుతుండగానే అత్త గొంతు వినిపించింది. అమ్మాయి భుజాన సంచీ తియ్యకుండానే ముందుగది దాటి లోపలికి వెళ్ళింది. శనివారం కాబట్టి ఆసుపత్రి ఆఫీసు ఒంటిపూటే. ఇంటికొచ్చి కాస్త నడుం వాలుద్దామనుకుంది. ఆ ఆశ గుమ్మంలోనే పోయింది.

అమ్మ మంచం పక్కన కంచం పట్టుకుని నిలబడి ఉంది. ఎంతసేపట్నుంచి నిలబడిందో, కంచంలో అన్నం చల్లారి గట్టిపడింది.

అత్త నాన్నకి అక్క. ముప్పై ఏళ్ళు లాంచీల రేవులో టికెట్ కిటికీ వెనక కూర్చున్న మనిషి. నెల కిందట మెట్టు జారి తుంటి విరగ్గొట్టుకుని తమ్ముడింటికి చేరింది. లేచి నాలుగడుగులు వెయ్యడానికి ఏడాది పడుతుందో, అసలు వేస్తుందో లేదో ఎవరూ చెప్పలేదు. “కళ్ళెదుట నీళ్ళు లేకపోతే నాకు ఊపిరాడదురా” అని ఆమె అడిగిందని నాన్న ఆ గది గోడకి సముద్రతీరం బొమ్మున్న వాల్‌పేపర్ తెచ్చి అతికించాడు. ఊళ్ళో సగం ఇళ్ళ గోడలకి కాగితం వేసిన మేస్త్రి, తన ఇంట్లో వేసుకున్న మొదటి గోడ అది.

ఆ పొద్దున్నే అత్తని ముందుగదిలోంచి అక్కడికి మార్చారు. మార్చిన గంటకే మొదలైంది రభస.

“వచ్చావా ఆఫీసరమ్మా! రా, నీకోసమే చూస్తున్నా. ఈ ఇంట్లో చదువుకున్నదానివి నువ్వొక్కదానివే. నువ్వు చెప్పు, సముద్రం కింద ఉంటుందా, పైన ఉంటుందా?”

“ఇదేం ప్రశ్న అత్తా?”

“ప్రశ్న నాది కాదు, ఆ గోడది. చూడు.”

అమ్మాయి చూసింది.

ఎనిమిది కాగితపు పట్టీల గోడ. పైన తెల్లవారే ఆకాశం, నడిమధ్యన నీళ్ళూ ఆకాశం కలిసే గీత, దాని కింద పల్చటి నీలం, అట్టడుగున తడి ఇసుక. ఒక పట్టీలో పడవ ఉంది. ఒకదాంట్లో గవ్వలు, ఒకదాంట్లో ఎగురుతున్న పిట్టలు. నాలుగో పట్టీలో మాత్రం ఏమీ లేదు. ఉత్త ఆకాశం, ఉత్త నీళ్ళు, ఉత్త ఇసుక.

ఆ నాలుగో పట్టీలో ఇసుక పైకప్పుకి ఆనుకుని ఉంది. ఆకాశం నేల మీద ఉంది.

దగ్గర నిలబడి చూస్తే పట్టుకోవడం కష్టమే. నీటి గీత సరిగ్గా గోడకి సగం ఎత్తులో పడింది. అందువల్ల పట్టీ తలకిందులైనా గీతకి గీత కలిసిపోయింది. అతుకు మీద గోరు పెట్టి లాగినా అంచు తగలదు. చేతిపని అంతటిది. తప్పూ అంతటిదే.

“అదొక డిజైన్ వదినా,” అంది అమ్మ. “ఈ మధ్య ఇలాగే వస్తున్నాయి.”

“డిజైనా? నా నెత్తిన ఇసుక పొయ్యడం డిజైనా? కళ్ళు తెరిస్తే మంచం తిరగబడినట్టుంటోంది. రేవులో ముప్పై ఏళ్ళు కూర్చున్నాను మరదలా. తుఫాన్లు చూశాను. ఆటుపోట్లు చూశాను. సముద్రం పిల్లిమొగ్గ వెయ్యడం మాత్రం మీ ఇంట్లోనే చూశాను!”

అమ్మాయికి నవ్వొచ్చింది. అమ్మ మొహం చూసి ఆపుకుంది.

అమ్మ కళ్ళతో చెబుతోంది, మాట్లాడొద్దని.

“నువ్వేమంటావే?” అంది అత్త.

“ఇప్పుడే వచ్చాను కదత్తా. కాళ్ళు కడుక్కుని వచ్చి చూస్తాను.”

“కడుక్కో, కడుక్కో. ఈ ఇంట్లో అందరూ కాళ్ళు కడుక్కునేవాళ్ళే, నిజం చెప్పేవాళ్ళు లేరు.”

వంటింట్లోకి రాగానే అమ్మ కంచం గట్టు మీద పెట్టి కుళాయి విప్పింది. కడగాల్సిన గిన్నెలేం లేవు. పెరట్లో నాన్న బ్రష్షులు కడుగుతున్నాడు. నీళ్ళ చప్పుడు చాటున మాట్లాడితే అక్కడికి వినిపించదు.

“అమ్మా, అది తలకిందులుగా ఉంది.”

“నాకు తెలుసు.”

“నాన్న చూసుకోలేదా? అదేంటి, నాన్న…”

“కనబడితే కదా చూసుకోవడానికి.”

అమ్మాయికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కూడా నమ్మబుద్ధి కాలేదు.

“కళ్ళజోడు మారిస్తే సరిపోతుందేమో?”

“కళ్ళజోడుతో పోయేదైతే ఇంత దూరం ఎందుకొస్తుందమ్మా? ఆయన ఎదురుగా గ్లాసు పెడితే వెతుక్కుంటారు. పక్కన పెడితే టక్కున తీసుకుంటారు. చూపు నడిమధ్యలో ఏదుంటే అది మాయమైపోతోంది. నీలం చొక్కా, బూడిదరంగు చొక్కా ఒకటే ఆయనకి.”

“నీకు చెప్పాడా?”

“ఆయన చెప్పలేదు. నేను అడగలేదు. చూస్తూ ఉన్నాను.”

“ఎన్నాళ్ళుగా?”

“నువ్వు ఉద్యోగంలో చేరినప్పట్నుంచి అనుకో. రెండేళ్ళు.”

అమ్మాయి గోడకి ఆనుకుంది. రెండేళ్ళుగా ఆమె మనసులో ఒక ముల్లు ఉంది. ఎవరికీ చెప్పుకోలేదు. తను ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి నాన్న తన మొహంలోకి చూసి మాట్లాడడం మానేశాడు. మాట్లాడుతూ తలుపు వైపో, తన చెవి పక్కగానో చూస్తాడు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కింది తనొక్కతే. చదువుకున్న కూతురి ముందు మొహమాటపడుతున్నాడేమో అనుకుంది. కోపమేమో అని కొన్నాళ్ళు, తన వల్ల ఏం తప్పు జరిగిందో అని కొన్నాళ్ళు.

“నా మొహం చూడడం ఇష్టం లేదనుకున్నానమ్మా,” అంది.

అమ్మ కుళాయి కింద చేతులు అలాగే పెట్టి నిలబడింది.

“పిచ్చిమొహమా. నీ మొహం కనబడాలనే పక్కకి చూస్తారు.”

అమ్మాయి భుజం మీది సంచీ దించి గట్టు మీద పెట్టింది.

“మరి పనులు ఎలా చేస్తున్నాడు? మొన్నటికి మొన్న ఆ డాక్టరుగారింట్లో రెండు గదులు వేశాడు. మెచ్చుకున్నారు కూడా.”

“నేను వెంట వెళ్ళట్లేదూ?”

“జిగురు కలపడానికి కదా నువ్వు వెళ్ళేది?”

“జిగురు కలుపుతాను. పట్టీ బల్ల మీద పరిచి జిగురు రాసేటప్పుడు పై అంచున ఒక మూల వేలెడంత మడత పెడతాను. ఆయన పట్టీ ఎత్తుకునేటప్పుడు బొటనవేలికి మడత తగులుతుంది. ఇది పైభాగమని తెలుస్తుంది. ఎలాగూ కప్పు దగ్గర మిగిలిన ముక్క బ్లేడుతో కోసేస్తారుగా. మడత దాంతోపాటే పోతుంది. ఎవరికీ తెలీదు.”

“నాన్న అడిగాడా మడత పెట్టమని?”

“ఒక రోజు ఒక పట్టీ పట్టుకుని ఊరికే నిలబడిపోయారు. అటు తిప్పి, ఇటు తిప్పి. ఆ ఇంటావిడ చూస్తోంది. నేను వెళ్ళి మూల సర్దుతున్నట్టు మడత పెట్టాను. ఆయన ఏమీ అనలేదు. అతికించేశారు. మర్నాటి నుంచి నేను పెడుతున్నాను, ఆయన తడుముకుంటున్నారు.”

“రెండేళ్ళుగా ఇద్దరూ ఒక్క మాట అనుకోకుండా!”

“అనుకుంటే పని ఆపెయ్యాలి కదే.”

ఆ మాట చాలా మామూలుగా అంది అమ్మ.

“మరి ఈ నాలుగో పట్టీ?”

“నిన్న మూడోది అయ్యాక మీ అత్త పిలిచింది, పక్క మార్చమని. వెళ్ళి పక్కకి తిప్పి పడుకోబెట్టి వచ్చేసరికి ఆయన అతికించేసి నీళ్ళు తాగుతున్నారు. ఎలా చెప్పను? తన ఇంట్లో, తన గోడ. ఎంత సంబరంగా ఉన్నారో నువ్వు చూడలేదు.”

అమ్మాయి కుళాయి కట్టేసింది.

“అమ్మా. సోమవారం సంగతి?”

అమ్మ గట్టు మీది కంచం తీసి మళ్ళీ అక్కడే పెట్టింది.

అమ్మాయి పనిచేసేది పిల్లల ఆసుపత్రిలో, కేసు కాగితాలు భద్రపరిచే గదిలో. అక్కడ మెట్ల పక్క గోడకి సముద్రతీరం వాల్‌పేపర్ వేయించాలనుకున్నారు. మెట్లెక్కే పిల్లలకి భయం తగ్గుతుందని. కింది మెట్టు దగ్గర ఇసుక, రెండో అంతస్తు దగ్గర ఆకాశం. మంచి మేస్త్రి కావాలని పై అధికారి అంటే అమ్మాయి లేచి నిలబడి, “మా నాన్న వేస్తారండీ. ఆయనంత బాగా ఈ ఊళ్ళో ఎవరూ వెయ్యరు” అంది. ఆఫీసులో తనంత గట్టిగా మాట్లాడింది ఆ ఒక్కసారే. పరంజా కట్టడం కూడా అయిపోయింది, సోమవారం పని మొదలు.

“అది రెండంతస్తుల ఎత్తమ్మా. వెదురు పరంజా. మూడు అడుగుల పలక మీద నిలబడి వెయ్యాలి.”

“నేను కింద ఉంటానుగా.”

“కిందనుంచి మడత పెట్టగలవు. ఆయన అడుగు ఎక్కడ పడుతోందో నువ్వు చెప్పగలవా?”

“నెమ్మదిగా మాట్లాడు.”

“ఎందుకు నెమ్మదిగా? రెండేళ్ళు నెమ్మదిగానే ఉన్నారుగా!”

“అయితే వెళ్ళి చెప్పు!” అంది అమ్మ. “చెప్పు, నీకు కళ్ళు లేవు, ఇంట్లో కూర్చో అని. ఆ తర్వాత ఆ చేతుల్ని ఏం చేసుకోమంటావో అది కూడా నువ్వే చెప్పు. పొద్దున్న లేస్తే ఏ గోడ దగ్గరికి పోవాలో చెప్పు.”

అంతలో లోపలి గదిలోంచి నాన్న గొంతు వినిపించింది. ఇద్దరూ ఒకేసారి పరిగెత్తారు.

నాన్న తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ మంచం పక్కన నిలబడి ఉన్నాడు.

“ఏంటక్కా ఇది? రేవులో లాంచీ కదిలిపోతున్నట్టు ఆ కేకలేంటి? వీధి చివర్దాకా వినిపిస్తోంది.”

“వినిపించనీ. ఒరేయ్, ఆ పట్టీ మార్చు.”

“ఏ పట్టీ?”

“ఏ పట్టీ అంటాడేంటి వీడు! కళ్ళెదురుగా అంత కనబడుతుంటే!”

“నలభై ఏళ్ళలో నా పనికి వంకపెట్టినవాళ్ళు లేరు. నువ్వు మొదలెట్టు ఇప్పుడు.”

“వంక కాదురా నాయనా. లేవగలిగితే నేనే పీకేసేదాన్ని. లేవలేక అడుగుతున్నాను. ఈ గోడ తప్ప నాకింకేముంది చూసుకోవడానికి?”

ఆఖరి మాటకి నాన్న మెత్తబడ్డాడు. మొహంలో కోపం పోయి మరేదో వచ్చింది. గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించి ఒక కొస నుంచి నెమ్మదిగా నడిచాడు. ఒక్కో అతుకు దగ్గరా ఆగి వేలి కొసతో పైకీ కిందికీ రాశాడు. ఎక్కడా పొక్కు లేదు, ఎక్కడా అంచు లేవలేదు. ఆ వేళ్ళకి తెలిసినంత వరకూ గోడ నిక్షేపంగా ఉంది.

“ఏవండీ,” అంది అమ్మ, “ముందు భోంచెయ్యండి. తర్వాత చూద్దురుగాని.”

“ఉండు.”

రెండడుగులు వెనక్కి వేసి, మొహం తలుపు వైపు తిప్పి, కంటి కొసలతో గోడని చూశాడు. చాలాసేపు చూశాడు. అత్త కూడా మాటలాపి తమ్ముణ్ణే చూస్తోంది.

“సరే, నువ్వు అంతగా అంటున్నావు కాబట్టి,” అంటూ జేబులోంచి గీకుడు రేకు తీశాడు. వంగి, ఐదో పట్టీ అడుగు మూలన దాని అంచు దూర్చాడు.

ఐదో పట్టీ సరిగ్గానే ఉంది. అందులోనే పడవ ఉంది.

అమ్మాయి నోరు తెరిచింది. అమ్మ చెయ్యి వచ్చి మణికట్టు పట్టుకుంది. గట్టిగా, గోళ్ళు దిగేంత గట్టిగా.

కాగితం బర్రున చిరిగింది. ఇసుక ఊడింది. నీళ్ళు ఊడాయి. పడవ అడుగు నుంచి తెరచాప దాకా రెండుగా చీలింది.

“ఒరేయ్, అది కా…” అని అత్త ఆగిపోయింది. తమ్ముడి మొహాన్నీ, మరదలి మొహాన్నీ మార్చి మార్చి చూసింది. ముప్పై ఏళ్ళు రేవుకి వచ్చిపోయే జనాన్ని చూసిన మనిషి. ఆమెకి ఇంక ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. దుప్పటి కొస నోట్లో కుక్కుకుంది.

నాన్న ఇంకో జానెడు చీల్చాడు.

అమ్మాయి అమ్మ వేళ్ళు ఒక్కొక్కటే విడిపించుకుంది.

“నాన్నా, ఆపు. అది సరిగ్గానే ఉంది.”

ఆయన చెయ్యి ఆగింది.

“మరి ఏది?”

“నీ ఎడమ చేతి పక్కది.”

ఆయన ఎడమ అరచెయ్యి నాలుగో పట్టీ మీద పెట్టాడు. “ఇదా?”

“అదే.”

“ఏమైంది దీనికి?”

“తలకిందులుగా ఉంది నాన్నా. ఇసుక పైనుంది.”

ఆయన తల పైకెత్తాడు, చూడడానికన్నట్టు. మళ్ళీ దించుకున్నాడు. వేలాడుతున్న పడవ ముక్కని వేళ్ళతో తడిమి, అంచులు ఎంతవరకూ చిరిగాయో కొలుచుకున్నాడు. అత్త మందులు పెట్టే స్టూలు మీద సీసాలు పక్కకి జరిపి దాని మీద కూర్చున్నాడు.

“ఒక్కణ్ణే వెళ్ళి చూపించుకున్నాను కిందటేడు,” అన్నాడు. “పోయింది రాదన్నారు. ఉన్నది నిలబెట్టుకోవచ్చన్నారు. మందులు వాడుతున్నాను. పనిముట్ల సంచీలో ఉంటాయి.”

“నాకు తెలుసు,” అంది అమ్మ.

“అదీ తెలుసా?”

“సంచీ సర్దేది నేనేగా.”

“మరి ఆ మడతలు?”

“ఎందుకు పెడుతున్నాననుకున్నారు?”

“నీ అలవాటేమో అనుకున్నట్టు నటించాను.” ఆయన చిన్నగా నవ్వబోయాడు. “నువ్వు అలవాటన్నట్టే పెట్టావు.”

అత్త ఏడుస్తోంది, చప్పుడు లేకుండా. “నా నోరు పడిపోనూ. పాడు గోడ. ఉంచరా తమ్ముడూ, అలాగే ఉంచు. పైనుంటే మాత్రం ఇసుక కాదా? నేను ఇటు తిరిగి పడుకుంటాను.”

“ఎందుకక్కా? తప్పు తప్పే. మారుద్దాం.”

ఆ ‘మారుద్దాం’ విని అమ్మాయికి ధైర్యం వచ్చింది. ముందుకొచ్చి నాన్న ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా, నేల మీద కూర్చుంది.

“నాన్నా, సోమవారం పని వద్దు. నేను ఆఫీసులో చెప్తాను.”

“ఏమని?”

“ఉన్నదే చెప్తాను.”

“నువ్వు మాటిచ్చావు కదమ్మా. పదిమందిలో లేచి నిలబడి మా నాన్న అని చెప్పావట. మీ ఆఫీసు గుమాస్తా వీధిలో కనబడి చెప్పాడు. ఆ రోజు నేను ఇంటికి ఎలా నడిచొచ్చానో నాకే తెలీదు.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “సోమవారం పరంజా ఎక్కుతాను. ఆ ఒక్క గోడ వేసి ఆపేస్తాను. మీ అమ్మ కింద ఉంటుంది, ఎప్పటిలాగే.”

“నేను రాను,” అంది అమ్మ.

నాన్న తల తిప్పాడు. “ఏంటీ?”

“నేను రానండీ. నేల మీద పని కాబట్టి ఇన్నాళ్ళూ వచ్చాను. తప్పు జరిగితే ఒక పట్టీ పోతుంది, అంతే కదా అనుకున్నాను. అంత ఎత్తుకి మిమ్మల్ని నా చేత్తో ఎక్కించలేను.”

తన ఇరవై ఆరేళ్ళలో అమ్మ ఆయనకి ఎదురుచెప్పడం అమ్మాయి ఎప్పుడూ వినలేదు. నాన్న కూడా వినలేదని ఆయన కూర్చున్న తీరు చూస్తేనే తెలుస్తోంది.

“నువ్వు రాకపోతే ఎవరొస్తారు?” అన్నాడు.

“నేనొస్తాను,” అంది అమ్మాయి. “పనికి కాదు. నాతో వచ్చి మా పై అధికారికి నువ్వే చెప్పు. ఆ గోడ ఎలా వెయ్యాలో పక్కనుండి చెప్పి వేరేవాళ్ళ చేత వేయించు. నువ్వు చెప్పకపోతే మాత్రం నేను చెప్తాను నాన్నా. నువ్వు నాతో మళ్ళీ మాట్లాడకపోయినా సరే.”

నాన్న రెండు చేతులూ మోకాళ్ళ మీద బోర్లా పెట్టుకుని, వాటిని ఎవరో తన దగ్గర దాచమని ఇచ్చి వెళ్ళినట్టు కూర్చున్నాడు.

“అన్నిచోట్లకీ మేస్త్రినని చెప్పుకుని వెళ్ళేవాణ్ణి,” అన్నాడు చివరికి. “అక్కడికి వెళ్ళి ఏమని చెప్పుకోవాలి?”

అమ్మ కిందపడిన కాగితం ముక్కలు ఏరుతోంది.

“ఎన్నింటికి రమ్మన్నారు?” అడిగాడు నాన్న.

“తొమ్మిదింటికి.”

“ఎనిమిదికే వెళ్దాం,” అంటూ నాన్న లేచాడు. “అందరూ రాకముందు ఆ గోడని ఒకసారి నేను చూసుకోవాలి.”

గీకుడు రేకు తుడిచి జేబులో పెట్టుకున్నాడు. పై అధికారికి చెప్పడానికి వస్తున్నాడో, పరంజా ఎక్కడానికి వస్తున్నాడో మాత్రం అనలేదు. అమ్మాయి అమ్మతోపాటు కాగితం ముక్కలు ఏరసాగింది.